మైఖేల్ మాస్టారు మింగేసిన మాట

నాకు నోరెక్కువ. ఈ మాట మా ఆయన ముప్ఫై ఏళ్ళుగా అంటున్నాడు, మా స్కూలు కరస్పాండెంటు పన్నెండేళ్ళుగా అంటున్నాడు, కాబట్టి నిజమే అయ్యుంటుంది. అలాంటి నేను ఒక మనిషి చెప్పింది విని, తిరిగి ఒక్క మాట అనలేక, టిఫిన్ డబ్బా మూత పెట్టేసి కూర్చున్నాను. ఆ మనిషి మైఖేల్ మాస్టారు.

కూర్మన్నపాలెంలో, స్టీల్ ప్లాంటుకి ఇవతల మా స్కూలు. పేరుకి ఇంగ్లీషు మీడియం. నేను అందులో తెలుగు టీచర్ని, అంటే కూరలో కరివేపాకుని. పేరు కనకరత్నం. మాది రాజోలు దగ్గర. మా ఆయనకి ప్లాంటులో ఉద్యోగం వచ్చాక ఉక్కునగరం క్వార్టర్సులోకి వచ్చిపడ్డాం, ఇక్కడే ముదిరిపోయాం.

కరోనా సెలవులయ్యాక బళ్ళు తెరిచినప్పుడు ఇంగ్లీషు చెప్పడానికి మైఖేల్ చేరాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. నల్లగా, పొడుగ్గా, మడత నలగని చొక్కాలో ఉండేవాడు. చైనాలో రెండేళ్ళు ఇంగ్లీషు మాస్టారుగా చేసొచ్చాడని కరస్పాండెంటు ప్రేయర్‌లో చాటింపు వేసి, స్కూలు ఫ్లెక్సీ మీద కూడా వేయించాడు. ఇక పిల్లలు ఊరుకుంటారా? ‘సార్, పాము తిన్నారా?’ ‘సార్, కుంగ్‌ఫూ వచ్చా?’ నేనేమైనా తక్కువ తిన్నానా? ‘మాస్టారూ, చైనా వస్తువుకి గ్యారంటీ ఉండదంటారు, మీకెన్నాళ్ళు?’ అన్నాను. నవ్వాడు. అది మర్యాద కోసం నవ్వే నవ్వు.

పాఠం మాత్రం బంగారంలా చెప్పేవాడు. బెత్తం పట్టడు, గొంతు పెంచడు. కానీ ఒక్క పని చేసేవాడు కాదు. ఒకరి మాట ఇంకొకరికి చెప్పమంటే చెప్పేవాడు కాదు. ఓసారి ఒక బెంగాలీ తండ్రి వచ్చి, తన పిల్లని ఆయా కొట్టిందని ఇంగ్లీషులో గోల పెట్టాడు. ఆయాకి తెలుగు తప్ప రాదు. ‘మైఖేల్, ఆయనేమంటున్నాడో దీనికి చెప్పు,’ అన్నాడు కరస్పాండెంటు. మైఖేల్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ‘నా వల్ల కాదు సార్,’ అని బయటికి పోయి, కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ పావుగంట నిలబడ్డాడు. చివరికి నా వచ్చీరాని ఇంగ్లీషుతో నేనే ఆ తగువు తీర్చాను.

నాకు ఒళ్ళు మండింది. ఇంత చదువుకుని రెండు ముక్కలు చెప్పడానికి ఏం రోగం? మర్నాడు భోజనాల వేళ, స్టాఫ్‌రూములో ఎవరూ లేకుండా చూసి నిలదీశాను. మామూలుగా మాతో పుస్తకంలోలా మాట్లాడే మనిషికి ఆ వేళ తను పెరిగిన మల్కాపురం యాస వచ్చేసింది.

‘నాను సెప్పకూడదు టీచరుగారూ. ఒకపాలి అలాగే సెప్పి ఒక పిల్లని సంపీసినాను,’ అన్నాడు.

అప్పుడే నేను డబ్బా మూత పెట్టింది.

అతని సంగతి చెప్పాలంటే ముందు అతని తండ్రి సంగతి చెప్పాలి. యేసుదానం గారిది ఎలమంచిలి దగ్గర పల్లె. కుర్రతనంలో పోర్టులో కలాసీగా చేరి, తర్వాత సిగ్నల్‌మేన్ అయ్యారు. ఓడ కడుపులో సరుకు సర్దే కూలీలు ఎక్కడో నలభై అడుగుల కింద ఉంటారు. బరువులెత్తే వించి నడిపేవాడు పైనుంటాడు. వాడికి కిందివాళ్ళు కనబడరు. ఆ ఇద్దరికీ మధ్య, అంచు మీద నిలబడి, కిందివాళ్ళు చెప్పింది చేతి సైగలతో పైవాడికి చెప్పే మనిషే సిగ్నల్‌మేన్. అరచెయ్యి కిందికి ఊపితే దింపమని. వేలు పైకెత్తి తిప్పితే లేపమని. పిడికిలి బిగించి తల మీదికెత్తితే, ఆపు, కింద మనిషున్నాడని. ముప్ఫై ఏళ్ళలో ఆయన చేతి కింద ఒక్క మనిషికీ దెబ్బ తగల్లేదట. కొడుక్కి అన్నం కలిపి పెడుతూ కూడా ఆయన చెప్పేది ఒకటే పాఠం.

‘కిందోడు ఏటంటే అదే పైకి సెప్పాల. నడిమద్దిన నీ బుర్ర ఎట్టకు. ఎట్టినావా, మనిసి పోతాడు.’

ఆ పాఠం మైఖేల్‌కి పోర్టులో కాదు, చర్చిలో పనికొచ్చింది. మల్కాపురంలో వాళ్ళ చర్చివాళ్ళు ఏటా మూడు రోజులు సువార్త సభలు పెడతారు. ఎక్కడెక్కడి దేశాల నుంచో దొర వచ్చి ఇంగ్లీషులో ప్రసంగం చేస్తాడు. పక్కనే ఒకడు నిలబడి, దొర చెయ్యెత్తితే చెయ్యెత్తి, దొర గొంతు పెంచితే గొంతు పెంచి, ఒక్కో మాటా తెలుగులో చెప్పాలి. దాన్నే వాళ్ళు తర్జుమా అంటారు. పదహారో ఏట మైఖేల్ ఆ స్టేజీ ఎక్కాడు. దొర ‘నాకు ముగ్గురు పిల్లలు, మా ఆవిడ రోజూ నన్ను తిడుతుంది’ అంటే, మీసం రాని మైఖేల్ కూడా ‘నాకు ముగ్గురు పిల్లలు, మా ఆవిడ రోజూ నన్ను తిడుతుంది’ అనేవాడు. ఎవరూ నవ్వేవారు కారు. ఆ స్టేజీ మీద తర్జుమా చేసేవాడు ‘నేను’ అంటే అది దొరే. వాడికి అక్కడ సొంత ‘నేను’ ఉండదు. అతను ఒక్క మాట కలిపేవాడు కాదు, ఒక్క మాట వదిలేవాడు కాదు. ముందు వరసలో కూర్చుని యేసుదానం గారు కొడుకు పెదవులకేసే చూసేవారట. ఇంగ్లీషు ముక్క రాకపోయినా, దొర మాట పొడుగెంతో కొడుకు మాట పొడుగెంతో కొలుచుకునేవారు.

అలా దొరల వెంట తిరిగి తిరిగి మైఖేల్ ఇంగ్లీషుకి అమెరికా యాస పట్టింది. పెందుర్తిలో ఏదో చిన్న స్కూల్లో చెప్పుకుంటూ ఉంటే, ద్వారకానగర్‌లో విదేశాలకి మనుషుల్ని పంపే ఏజెంటొకడు సభల్లో విని, ‘నీ గొంతు ఇక్కడ వేస్టయిపోతోంది బావా’ అన్నాడు. పొగడ్తకి పడనివాడెవడు? రెండు వేల పద్దెనిమిదిలో మైఖేల్ చైనా వెళ్ళాడు.

అదొక చిన్న పట్నం. ఊరి పేరు అతను చెప్పలేదు, నేనడగలేదు. ప్రైవేటు బడి, పిల్లలకి అక్కడే హాస్టలు. తల్లిదండ్రులు ఎక్కడో పెద్ద ఊళ్ళలో ఫ్యాక్టరీల్లో ఉంటారు, పిల్లల్ని అమ్మమ్మలకో తాతలకో అప్పగిస్తారు. వాళ్ళేమో బడికి అప్పగిస్తారు. ప్రిన్సిపాలు మైఖేల్‌ని ఎగాదిగా చూసి మొదటి రోజే చెప్పాడట. ‘ఇండియా అంటే పెద్దవాళ్ళు ఒప్పుకోరు. నువ్వు అమెరికా. అక్కడా నల్లవాళ్ళున్నారు కదా. నీ పేరు మైక్.’ గేటు మీద అతని ఫోటో పెట్టి, వెనకాల అమెరికా జెండా వేశారు. అతనిది వ్యాపారం పని మీద వచ్చినవాళ్ళకిచ్చే వీసా, పాఠం చెప్పడానికి పనికిరాదు. ఆ సంగతి విమానం దిగాక తెలిసింది. పాస్‌పోర్టు ప్రిన్సిపాలు బీరువాలోకి వెళ్ళింది.

పైనుంచి తనిఖీకి ఎవరైనా వస్తే, బంతులూ చాపలూ పడేసే మేడమీది గదిలో అతన్ని పెట్టి తాళం వేసేవారు. ఒకసారి అయిదు గంటలు అలా ఉన్నాడు. ఒంటికి పోవడానికి కూడా దారి లేదు. ఇది చెబుతున్నప్పుడు అతను నాకేసి చూడలేదు.

పిల్లలు మాత్రం ప్రాణం పెట్టేవారు. రంగు అంటుకుంటుందేమోనని అతని చెయ్యి రుద్ది చూసుకునేవారు. ‘మైక్ లావ్‌షీ’ అని వెంటపడేవారు. లావ్‌షీ అంటే మాస్టారు. అక్కడ ఇంగ్లీషు మాస్టారు ప్రతి పిల్లకీ ఒక ఇంగ్లీషు పేరు పెట్టాలట. క్లాసుకి యాభై ఆరుగురు, తొమ్మిది క్లాసులు. జాన్‌లూ మేరీలూ మొదటి వారంలోనే అయిపోయాయి. తర్వాత మనవాడు ఏం చేశాడనుకున్నారు? మల్కాపురం పేర్లు మొదలెట్టాడు. లావుపాటి పిల్లాడొకడు చంటి అయ్యాడు. ఇంకొకడు గోపి. ప్రిన్సిపాలుకేం తెలుసు, అన్నీ అమెరికా పేర్లే అనుకున్నాడు. మూడో క్లాసులో ఒక పిల్ల ఉండేది, తొమ్మిదేళ్ళు, బక్క ప్రాణం. మోకాళ్ళ మీద గడ్డం ఆనించి కూర్చునేది, అచ్చం అతని మామ్మలా. మామ్మ పేరే పెట్టాడు. అప్పలమ్మ.

ఇది విన్నప్పుడు నేను పకపకా నవ్వాను. అతనూ నవ్వాడు. నేను నవ్వడం ఆపినా అతని మొహం మీద నవ్వు కాసేపు అలాగే ఉండిపోయింది, ఎలా తీయాలో తెలియనట్టు.

ఏడాది తిరిగేసరికి మైఖేల్‌కి వాళ్ళ భాష పట్టుబడింది. ఒకరోజు పాఠంలో తన ఊరి సంగతి చెబుతూ, ఊరి పేరు దాచిపెట్టి, తర్జుమా గురించి చెప్పాడు. ‘ఒకరు చెప్పింది ఇంకొకరికి చెప్పాలి. ఏమీ కలపకూడదు, ఏమీ వదలకూడదు. అది తప్పితే నేను మాస్టార్నే కాదు.’ పిల్లలు ఎప్పుడో మరిచిపోయారు. అప్పలమ్మ మరిచిపోలేదు.

రెండో చలికాలం మొదట్లో, ఆ పిల్ల చొక్కా చేతులు తడిగా ఉండటం చూసి ఏమైందని అడిగాడు. హాస్టలు చూసే ఆంటీ తనని బట్టలుతికే గదిలో పెట్టి రాత్రంతా తాళం వేస్తోందని చెప్పింది. పక్క తడిపినందుకు శిక్ష. ‘మీ అమ్మమ్మకి చెప్పలేదా?’ అన్నాడు. ‘చెప్పాను. ఇంటికి రావడానికి వేషాలేస్తున్నానంటుంది. మాస్టారు చెబితే నమ్ముతుంది. అమెరికా మాస్టారు అబద్ధమాడడంటుంది.’ ఆ ఆంటీ ప్రిన్సిపాలుకి స్వయానా చెల్లెలు. ‘చూస్తాలే’ అన్నాడు మైఖేల్. చూడలేదు.

తర్వాత ఆ పిల్ల వారానికొక మాట అడగటం మొదలుపెట్టింది. తాళాన్ని ఇంగ్లీషులో ఏమంటారు? తడికి ఏమంటారు? చలేస్తోందని ఎలా చెప్పాలి? తీసుకెళ్ళండి అని ఎలా అనాలి? బాగా చదువుకుంటోందని మురిసిపోయి అన్నీ నేర్పాడు. చేతి మీద రాసుకుని పోయేది.

డిసెంబరు రాకముందే పెద్దవాళ్ళని పిలిచే రోజొచ్చింది. అక్కడి ఇంగ్లీషు టీచరమ్మ పురిటికి వెళ్ళింది, కాబట్టి ఆ హాల్లో ఇంగ్లీషు తెలిసినవాడు మైఖేల్ ఒక్కడే. పన్నెండుమంది పిల్లలు మైకు దగ్గరికొచ్చి తలా ఒక మాట ఇంగ్లీషులో చెప్పాలి, దాన్ని అతను వాళ్ళ భాషలో చెప్పాలి. పరాయి దేశం మనిషి నోట తమ భాష వింటే ముసలివాళ్ళకి సంబరం. ప్రిన్సిపాలు ముందు వరసలో కూర్చున్నాడు. ఒక పక్కన చెల్లెలు. ఇంకో పక్కన, అతిథిగా పిలిచిన పోలీసు అధికారి.

తొమ్మిదో పిల్ల అప్పలమ్మ. నేర్పిన మాట ‘మా బడి మా ఇల్లులాంటిది’ అని. ఆ పిల్ల మైకు పట్టుకుని, మైఖేల్‌కేసి చూస్తూ, నెమ్మదిగా ఒక్కొక్క మాటా ఏరుకుని ఇంగ్లీషులో ఇలా అంది. ‘ఆంటీ నన్ను తడిగదిలో పెట్టి తాళం వేస్తుంది. నాకు చలేస్తోంది. నన్ను తీసుకెళ్ళమని మా అమ్మమ్మకి చెప్పండి.’

అన్నీ అతను నేర్పిన మాటలే.

రెండో వరసలో అమ్మమ్మ కూర్చుని ఉంది. మనవరాలు ఇంగ్లీషులో అంతసేపు మాట్లాడిందని పళ్ళు లేని నోటితో నవ్వుతోంది. మైఖేల్‌కి పోలీసు టోపీ కనబడింది. బీరువాలో పాస్‌పోర్టు కనబడింది. ఆ క్షణంలో తనకి ఇంకేమీ కనబడలేదని అతనే చెప్పాడు. నోరు తెరిచి, వాళ్ళ భాషలో, ఆ పిల్ల గొంతు ఎంత నెమ్మదో అంత నెమ్మదిగా, ‘ఆంటీ నన్ను అమ్మలా చూసుకుంటోంది. అమ్మమ్మా, నా గురించి బెంగపెట్టుకోకు’ అన్నాడు.

హాలంతా చప్పట్లు. అమ్మమ్మ లేచి నిలబడి, ఆ ఆంటీకి వంగి దణ్ణం పెట్టింది.

అతను అన్నది ఆ పిల్లకి అర్థమైంది కదా. అది దాని సొంత భాష. అతనికేసి ఒకసారి చూసింది. ఏడవలేదు. చివర్లో ప్రతి పిల్లా చెప్పాల్సిన మాట ఒకటుంది, అది చెప్పి దిగిపోయింది. ‘థాంక్యూ, టీచర్.’

పదకొండు రోజుల తర్వాత, తెల్లవారుజామున డ్రిల్లు గంట కొట్టకముందే, అప్పలమ్మ గోడ దూకి అమ్మమ్మ ఊరికి నడవడం మొదలుపెట్టింది. ముప్ఫై కిలోమీటర్లు. పొగమంచులో లారీవాడికి కనబడలేదు. మైఖేల్‌కి ఈ సంగతి క్యాంటీన్లో వంట చేసేవాడు చెప్పాడు. మూడో రోజు గేటు దగ్గర అమ్మమ్మ కాపుకాసి, అతని చెయ్యి పట్టుకుంది. ‘మాస్టారూ, ఆ రోజు బాగున్నాననే కదా చెప్పింది? మరెందుకెళ్ళింది?’ మైఖేల్ బాగున్నాననే చెప్పిందని తలాడించాడు. రెండోసారి.

పోలీసులొచ్చి ఆరా తీస్తే అమెరికా మాస్టారి బండారం బయటపడుతుందని ప్రిన్సిపాలే ఆ వారంలో బీరువా తీసి, పాస్‌పోర్టు చేతిలో పెట్టి, విమానం ఎక్కించేశాడు.

ఇదీ అతను చెప్పింది. అప్పటికి బెల్లు కొట్టి చాలాసేపైంది. నేను ఓదార్చలేదు. నాకు అతని మీద అసహ్యం వేసింది, ఉన్నమాట చెబుతున్నాను. నెలరోజులు సరిగా మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు, ఆ హాల్లో నేనుంటే ఏం చేసేదాన్నని నన్ను నేను అడుక్కున్నాను. జవాబు చటుక్కున రాలేదు. మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టాను.

అతను తిరిగొచ్చిన రెండు నెలలకే లోకమంతా చైనా జబ్బు గోల. ఇక చర్చిలో అందరిదీ ఒకటే మాట. దేవుడు నిన్ను ముందే తప్పించాడు, స్టేజీ ఎక్కి సాక్ష్యం చెప్పు. సాక్ష్యమంటే దేవుడు తనకి చేసిన మేలు పదిమందికీ చెప్పడం. మైఖేల్ ఎక్కలేదు. తర్జుమాకీ ఎక్కలేదు. యేసుదానం గారికి అది తలకొట్టేసినట్టయింది.

పోయినేడు ఫిబ్రవరిలో ఆ పెద్దాయన మా స్కూలు గేటు దగ్గరికొచ్చారు. డెబ్బయ్ దాటినా మనిషి నిటారుగానే ఉన్నారు. కొడుకు ఇంట్లో నా మాట ఎత్తుతూంటాడట.

‘టీచరమ్మా, నువ్వు సెప్తే ఆడు ఇంతాడు. సబలు ఎల్లుండి. దొరగారు వొచ్చీసినారు. తర్జుమా సేసే పాస్టరుకి గొంతు పోయింది. మరెవుడూ నేడు. సైనాలో ఆడికి ఏటయ్యిందమ్మా? నీకేటైనా సెప్పినాడా?’

‘నాకేం తెలీదండి,’ అన్నాను. నోరెక్కువ దాన్ని, నేనూ మింగాను.

సాయంత్రం బస్టాపులో మైఖేల్‌తో వెళ్ళమనే అన్నాను. ‘ముసలాయన మొహం చూడలేకపోయాను మాస్టారూ. ఎన్నాళ్ళిలా?’

‘ఆ స్టేజీ ఎక్కితే మరి దాసలేను టీచరుగారూ. నాన్న ముందు సెప్పీవాల,’ అన్నాడు.

‘చెప్పేయండి,’ అన్నాను. అనేశాక భయమేసింది. ముప్ఫై ఏళ్ళు ఒక్క మనిషికీ దెబ్బ తగలనివ్వని ఆ తండ్రి, ఇది విని తట్టుకోగలడా? ఆ భయంతోనే నేనూ సభకి వెళ్ళాను.

మల్కాపురంలో మైదానం. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. పోర్టు బొగ్గుధూళికి కుర్చీ తుడుచుకోకుండా కూర్చుంటే చీర సంగతి అంతే. పొద్దు వాలుతోంది. ముందు వరసలో యేసుదానం గారు తెల్లచొక్కా వేసుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నారు. నేను ఆయనకి వెనక వరసలో కూర్చున్నాను.

దొర తెల్లజుట్టు పెద్దమనిషి. మైఖేల్ పక్కన నిలబడ్డాడు. మొదటి అరగంట నా భయం మరిచిపోయాను. ఆయన గొంతు తగ్గిస్తే ఇతని గొంతు తగ్గింది, ఆయన చెయ్యి చాపితే ఇతనూ చెయ్యి చాపాడు. ‘మన యేసుదానం కొడుకే’ అని నా పక్కనున్న ముసలమ్మ మురిసిపోతోంది.

అప్పుడు దొర ఇంగ్లీషులో చిన్నమాట ఒకటన్నాడు. నాక్కూడా అర్థమైంది. మనం నోరు తెరిచి చెప్పింది దేవుడు వింటాడని.

మైఖేల్ తెలుగు చెప్పలేదు. మైకు గుయ్యిమంది. దొర తలతిప్పి చూశాడు. మైఖేల్ తండ్రికేసి చూస్తూ మొదలుపెట్టాడు.

‘నేను పరాయి దేశంలో ఒక బడిలో మాస్టారుగా ఉన్నాను. అక్కడ అప్పలమ్మ అనే తొమ్మిదేళ్ళ పాప ఉండేది. నన్ను తడిగదిలో పెట్టి తాళం వేస్తున్నారు, నాకు చలేస్తోంది, నన్ను తీసుకెళ్ళమని మా అమ్మమ్మకి చెప్పండని అందరి ముందూ నన్ను అడిగింది. నేను చెప్పలేదు. పాప బాగుందని చెప్పాను. నన్ను పట్టుకుపోతారని భయపడి అలా చెప్పాను. పాప చచ్చిపోయింది. నేను బతికున్నాను.’

ఇక ఏమవుతుందో అని చుట్టూ చూశాను.

వెనకనుంచి ఎవరో ‘స్తోత్రం!’ అన్నారు. ఇంకొకరు ‘హల్లెలూయ!’ అన్నారు. అంతే, మైదానమంతా అందుకుంది. ఆడవాళ్ళు కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చారు. నా పక్కనున్న ముసలమ్మ కళ్ళొత్తుకుంటూ, ‘సూడు తల్లీ, దొరగారు ఎంతమంది ముందు ఒప్పీసుకున్నారో. మన దేశంలో మిషను బడిలో పని సేసుంటారు. ఎంత మంచి మనసో!’ అంది.

ఆ స్టేజీ మీద ‘నేను’ అంటే దొరే కదా. ఆ సంగతి నేనూ మరిచిపోయాను, మైఖేలూ మరిచిపోయాడు. దొరకి తెలుగు రాదు. తన మాట జనానికి బాగా తాకిందనుకుని, మైఖేల్ భుజం మీద చెయ్యివేసి చిరునవ్వు నవ్వి, తర్వాతి మాట అందుకున్నాడు. మైఖేల్ నోరు ఒకటి రెండుసార్లు తెరుచుకుని మూసుకుంది. తర్వాత ఆ మాటని తెలుగు చేశాడు.

అప్పుడు చూశాను యేసుదానం గారిని. ఆయన లేచి నిలబడి ఉన్నారు. కుడిచెయ్యి తల మీదికెత్తి పిడికిలి బిగించారు. ఆపు, కింద మనిషున్నాడు. చుట్టుపక్కలవాళ్ళు ఆయన దేవుణ్ణి స్తుతిస్తున్నాడనుకుని తామూ లేచి చేతులెత్తారు. చూస్తూండగానే వందల చేతులు లేచాయి. ఆ చేతుల మధ్య ఒక్క పిడికిలి, పాట మొదలయ్యేదాకా అలాగే ఉంది.

సభ అయ్యాక గేటు దగ్గర మైఖేల్‌ని కలిశాను. పోయేవాళ్ళు అతని చేతులు పట్టుకుని ఊపుతున్నారు. ‘ఒక్క మాట కలపనేదు బాబూ, ఎలా సెప్పినారో అలాగే సెప్పినావు,’ అన్నాడొకాయన. మైఖేల్ నాకేసి తిరిగాడు.

‘సెప్పీసినాను టీచరుగారూ. ఎవులికీ సేరనేదు.’

‘నాకు సేరింది,’ అన్నారు వెనకనుంచి యేసుదానం గారు.

ఆయన దగ్గరికొచ్చి నిలబడ్డారు.

‘దొర సెప్పింది బెత్తెడు. నువ్వు సెప్పింది బారెడు. అది దొర మాట కాదు. ఎవుల్రా ఆ అప్పలమ్మ?’

‘సైనాలో నా దగ్గర సదివిన పిల్ల నాన్నా. మామ్మ పేరెట్టినాను.’

‘కింద పిల్లున్నాదని నీకు తెల్సా?’

‘తెల్సు నాన్నా.’

‘తెల్సి దింపీమన్నావు.’

మైఖేల్ ఏడుస్తాడనుకున్నాను, ఏడవలేదు. తండ్రి తిడతాడేమో, కొడతాడేమో అనుకున్నాను. ఆయన రెండూ చెయ్యలేదు. నాకేసి తిరిగి, ‘నీకూ తెల్సు గదమ్మా,’ అన్నారు. నేను తల దించుకున్నాను. ఆయన ఇంటికేసి నడిచారు. కొడుకు నాలుగడుగుల వెనక నడిచాడు.

మైఖేల్ ఇంకా మా స్కూల్లోనే చెబుతున్నాడు. చర్చివాళ్ళు ఈ ఏటి సభలకి కూడా తర్జుమా అతనే చెయ్యాలని పట్టుబడుతున్నారు. పోయినసారి దొర చెప్పిన ఆ పాప సాక్ష్యం మళ్ళీ వినాలట. యేసుదానం గారు ఆదివారాలు చర్చికి వెళ్తూనే ఉన్నారు, ఇప్పుడు వెనక వరసలో కూర్చుంటున్నారు. కొడుకు పెట్టిన అన్నం తింటారు, అడిగినదానికి జవాబు చెబుతారు. తనంతట తాను కొడుకుతో ఒక్క మాట మాట్లాడి ఏడాదైంది.